మిడిమిడి జ్ఞానం

మన తెలుగువాళ్ళు ఎదుటివాళ్ళకి ఉదారంగా పంచిపెట్టే బిరుదుల్లో 'మిడిమిడి జ్ఞానం' ఒకటి. పోపు మాడ్చిన కోడలికి అత్తగారూ, కొత్తగా డాక్టరీ పాసైన కుర్రాడికి ఊళ్ళో ఆయుర్వేదం ఆచారిగారూ, పుచ్చు వంకాయలు మోసుకొచ్చిన మొగుడికి పెళ్ళామూ, ఎవరి అధికారం కొద్దీ వాళ్ళు ఈ బిరుదు ఇస్తూనే ఉంటారు. అందులో 'మిడి' అంటే ఏమిటని మాత్రం ఎవరూ అడగరు. మా అమ్మాయి అడిగింది. అడిగి ఊరుకోకుండా, "అమ్మా, నిజంగానే మిడి అని ఒకటుంది. దాని జ్ఞానం నీకు సగం కూడా లేదు" అని తేల్చేసింది.

ఉందండీ. ఇంగ్లీషులో 'మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్' అని బారెడు పేరు. అందులో మొదటి అక్షరాలు నాలుగూ కలిపితే మిడి. ఎలక్ట్రానిక్ వాద్యాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష అది. తెలుగు సాహిత్యం చదువుకున్న నాకు భాష అనగానే కాస్త ఆసక్తి కలిగింది. లేకపోతే తీగలూ ప్లగ్గులూ అంటే నేను ఆ గదిలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషిని.

ఈ భాష పుట్టిన కథ అచ్చం పెళ్ళి కథలా ఉంటుంది. ఎలక్ట్రానిక్ వాద్యాలు కొత్తగా వస్తున్న రోజుల్లో ఏ కంపెనీ పద్ధతి ఆ కంపెనీదే. ఒకరి వాద్యాన్ని ఇంకొకరి వాద్యంతో కలిపి వాయించుదామంటే కుదరదు, గోత్రాలు కలవవు. జపానులో రోలాండ్ కంపెనీ పెట్టిన ఇకుతారో కకేహాషి, అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ కంపెనీ నడుపుతున్న డేవ్ స్మిత్, 'ఎందుకొచ్చిన పంతాలు, అందరికీ ఒకే భాష ఉంటే పోలా' అనుకున్నారు. 1983 జనవరిలో, అమెరికాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో ఆ రెండు కంపెనీల వాద్యాలనీ పక్కపక్కన పెట్టి మధ్యన ఒక తీగ కట్టారు. ఇటు మెట్టు నొక్కితే అటు పలికింది! సముద్రాల అవతలి ఇద్దరు వ్యాపారస్తులు వియ్యంకులైపోయారు. అంతకన్నా మెచ్చుకోవలసిందేమిటంటే, ఈ భాష వాడుకోవడానికి ఎవరూ ఎవరికీ రూకలు చెల్లించక్కర్లేదని వదిలేశారు. కట్నం లేని పెళ్ళి అన్నమాట. అందుకే కాబోలు ఇన్నాళ్ళు నిలబడింది. 2013లో ఆ ఇద్దరికీ కలిపి సాంకేతిక విభాగంలో గ్రామీ బహుమానం ఇచ్చారు. కకేహాషి 2017లోనూ, స్మిత్ 2022లోనూ కాలం చేశారు. 2020లో ఈ భాషకి రెండో రూపం కూడా వచ్చిందిగానీ, మనబోటివాళ్ళ ఇళ్ళల్లో ఇంకా ఆ మొదటి రూపమే నడుస్తోంది.

ఇంతకీ ఈ వియ్యాల గొడవ మా ఇంటికెందుకొచ్చిందో చెప్పాలి కదూ.

మా అబ్బాయి స్కూల్లో చదివే రోజుల్లో సరదా పడితే ఒక డిజిటల్ పియానో కొన్నాం. పొడుగాటి బల్లలాంటిది, 88 మెట్లు. వాడు నాలుగేళ్ళు శ్రద్ధగానే నేర్చుకున్నాడు. పై చదువుకి అమెరికా వెళ్ళాక దాని మీద దుప్పటి పడింది. దుప్పటి మీద ఇస్త్రీ బట్టలూ, వాటి మీద శుభలేఖలూ, ఆ పైన మావారి కళ్ళజోడు డబ్బా. మధ్యతరగతి కొంపలో సమతలంగా ఉన్న ఏ వస్తువుకైనా చివరికి పట్టే గతి అదే.

మా ఇంట్లో గుడ్డ కప్పిన వాద్యం అదొక్కటే కాదు. మా అత్తగారి గదిలో మంచం కింద హార్మోనియం ఉంది. ఆవిడది తెనాలి. నాటకాల వాళ్ళు అడుగడుగునా తగిలే ఊరు. ఆవిడ తండ్రిగారు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారట. మగపిల్లలెవరూ నేర్చుకోలేదు. తండ్రి వాయిస్తుంటే పక్కన కూర్చుని ఈవిడే పట్టేసింది. సారెతో పాటు అత్తవారింటికి వచ్చిన ఆ పెట్టె, నలుగురు ఆడపడుచుల కాపురంలోనూ, మూడు పురుళ్ళలోనూ, మావారి బదిలీల్లోనూ ఆవిణ్ణి వదల్లేదు. శ్రీరామనవమికి భజన అంటే వీధి వీధంతా ఆవిడ వేళ్ళ కోసం కాచుకునేది.

హార్మోనియాన్ని తక్కువగా చూసేవాళ్ళంటే మా అత్తగారికి గిట్టదు. "అది దొరల వాయిద్యం, గమకం పలకదు" అని ఎవరైనా అన్నారా, అయిపోయారే! నిజానికి అది ఫ్రాన్సులో పుట్టిన వాద్యమే. అక్కడ కుర్చీలో కూర్చుని కాళ్ళతో తొక్కేవారు. మన దేశానికొచ్చాక కలకత్తాలో దాన్ని నేల మీద కూర్చుని, ఒక చేత్తో తిత్తి ఊదుతూ రెండో చేత్తో వాయించే పెట్టెగా మార్చేశారు. అంత ఇల్లరికం వచ్చినా, 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి వాళ్ళు దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. "మా నాన్న చేతిలో విద్య ఉంది, రేడియోలో చోటు లేదు. రేడియోకి పట్టని పెట్టెని సురభి వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు" అంటుంది ఆవిడ, ఆ ముప్ఫయ్యొక్కేళ్ళ బాకీ తనకే రావలసినట్టు.

అలాంటి మనిషికి రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. ప్రాణభయం లేకుండా బయటపడ్డారు. మాట బాగానే తిరిగింది, కాలు కూడా కర్ర సాయంతో నిలబడింది. ఎడమ చెయ్యి మాత్రం వెనకబడిపోయింది. హార్మోనియం సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కుడి చెయ్యి స్వరం, ఎడమ చెయ్యి ఊపిరి. తిత్తి ఊదే చెయ్యి పడిపోతే, వాయించే చెయ్యి ఎంత చక్కగా ఉన్నా పెట్టె పలకదు. ఒకరోజు నేను తిత్తి ఊదుతాను, మీరు వాయించండి అన్నాను. రెండు నిమిషాలు ప్రయత్నించి ఆపేశారు. "నా పాటకి నీ ఊపిరి అతకదమ్మాయ్" అన్నారు. విసుక్కుని అన్న మాట కాదు. అందుకే నాకు మరీ బాధేసింది. ఆ సాయంత్రమే పెట్టెని మంచం కిందికి తోయించేశారు. శ్రీరామనవమికి భజన వాళ్ళు పిలవడానికొస్తే నిద్రపోతున్నానని చెప్పమన్నారు.

ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి ఒక మెత్తటి బంతి ఇచ్చి, రోజూ ఎడమ చేత్తో వందసార్లు నొక్కమంది. "డెబ్బై మూడేళ్ళొచ్చి బంతులాట ఆడుకోనా?" అని ఆ బంతిని పక్కింటి పసివాడికి ఇచ్చేశారు. ఆవిడతో వాదించడం కన్నా గోడకి సున్నం కొట్టడం సులువు.

పియానో సంగతి మా అమ్మాయికి తట్టింది. శుభలేఖలూ కళ్ళజోడు డబ్బా తీసేసి, దుప్పటి దులిపి, బామ్మని కుర్చీలో కూర్చోబెట్టింది. "బామ్మా, దీనికి తిత్తి లేదు. ఒక్క చెయ్యి చాలు" అంది. మా అత్తగారు అనుమానంగానే నాలుగు మెట్లు నొక్కారు. మోహన రాగం స్వరాలు. తర్వాత చెయ్యి తీసేసి పెదవి విరిచారు.

"ఇది గుళ్ళో గంటలా ఠంగుమని పలికి పోతుందేమిటే? మెట్టు నొక్కి పట్టుకుంటే స్వరం నిలబడొద్దూ?"

నిజమే. పియానోలో తీగ మీద సుత్తి దెబ్బ పడుతుంది. మోగిన నాదం మోగుతూ మోగుతూ అణిగిపోతుంది. డిజిటల్ పియానోలో తీగలూ సుత్తులూ లేకపోయినా, పలకడం మాత్రం ఆ స్వభావంతోనే పలుకుతుంది. హార్మోనియం అలా కాదు. లోపల ఊపిరి ఉన్నంతసేపూ స్వరం నిలబడే ఉంటుంది. ఆ పియానోలో చర్చి ఆర్గను ఉంది, ఇంకేవో పది రకాల ధ్వనులున్నాయి. హార్మోనియం మాత్రం లేదు.

"అయితే కంప్యూటరుకి కలుపుదాం" అంది మా అమ్మాయి. మిడి కథ అక్కడ మొదలైంది.

కలిపితే ఏమవుతుంది అని అడిగాను. అది చెప్పినదాన్ని నా వంటింటి భాషలోకి మార్చుకుంటే నాకు బోధపడింది. మీకూ అలాగే చెబుతాను. గోంగూర పచ్చడిని సీసాలో పెట్టి పంపించడం ఒకటి. పచ్చడి చేసే విధానం కాగితం మీద రాసి పంపించడం మరొకటి. మామూలు రికార్డింగు సీసాలో పచ్చడి. మిడి కాగితం మీద రాసిన విధానం. ఆ తీగలో పాట పోదు, అసలు ధ్వనే పోదు. ఫలానా మెట్టు నొక్కారు, ఇంత బలంగా నొక్కారు, ఇప్పుడు వదిలేశారు. అంతే, చాకలి పద్దులాగా ఒక చిట్టా. ప్రతి మెట్టుకీ ఒక నంబరుంటుంది. పియానో నడుమన ఉండే మెట్టు నంబరు 60. ఎంత బలంగా నొక్కారనేది 1 నుంచి 127 దాకా మార్కులు. ఆ చిట్టా చదువుకుని కంప్యూటరు తన దగ్గరున్న ధ్వనితో వండి వడ్డిస్తుంది. పియానో ధ్వని పెడితే పియానో, వేణువు పెడితే వేణువు, హార్మోనియం పెడితే హార్మోనియం. నిజమైన హార్మోనియం స్వరాలని ఒక్కొక్కటీ రికార్డు చేసి తయారుచేసిన ధ్వనుల కట్టలు దొరుకుతున్నాయట. అప్పుడు పియానో పియానోగా ఉండదు. ఉత్త మెట్ల పెట్టె. పలికేది కంప్యూటరు.

అన్నట్టు ఒక చిన్న ఫిర్యాదు. ఏ నంబరుకి ఏ వాద్యమో అందరికీ ఒకటిగా ఉండాలని 1991లో 128 ధ్వనుల జాబితా ఒకటి తయారుచేశారు. అందులో సితారుంది, షెహనాయీ ఉంది. టెలిఫోను గంటా, హెలికాప్టరు చప్పుడూ కూడా ఉన్నాయి. మన వీణ లేదు, నాదస్వరం లేదు! హెలికాప్టరు కన్నా వీణ తీసిపోయిందా అని అడగడానికి ఆ కమిటీలో ఒక్క అత్తగారైనా లేకపోయింది.

ఇక తీగ. పియానో వెనక చూస్తే చదరంగా ఒక చిన్న కన్నం ఉంది, దాని పక్కన 'యు.ఎస్.బి. టు హోస్ట్' అని రాసి ఉంది. ప్రింటరుకి పెట్టే తీగే దానికీ సరిపోతుంది. పాత పియానోలైతే గుండ్రటి కన్నాలు, ఒక్కోదాంట్లో ఐదు రంధ్రాలు ఉంటాయట. వాటికి మధ్యన ఒక మధ్యవర్తి తీగ కొనుక్కోవాలి. పియానో నుంచి బయటికొచ్చేది కంప్యూటరు లోపలికి పోవాలి గనక, 'అవుట్' అన్నదాన్ని 'ఇన్' అన్నదానికే తగిలించాలి. వియ్యాలవారిల్లే మరి: ఇటు అప్పగింతలు, అటు గృహప్రవేశం.

మా తీగ సందులో దుకాణంలో కొన్నాం. పెడితే కంప్యూటరు పియానోని గుర్తు పట్టలేదు. మా అమ్మాయి అన్ని మీటలూ నొక్కింది. మావారొచ్చి మరోసారి అవే నొక్కారు. మగవాళ్ళు నొక్కితే వేరే ఫలితం వస్తుందని ఆయన నమ్మకం. చివరికి ఇంట్లో ప్రింటరు తీగ పీకి పెడితే ఠక్కున పలికింది. చూడబోతే ఆ దుకాణం తీగలోనే ఎక్కడో తెగినట్టుంది. మీరెప్పుడైనా ఇలాంటి పని పెట్టుకుంటే ముందు తీగ మార్చి చూడండి. కంప్యూటరుని తిట్టడం తర్వాత.

కంప్యూటరులో ప్రోగ్రాము తెరిచి, వినవలసిన వాద్యంగా పియానోని చూపించి, హార్మోనియం ధ్వని పెట్టింది. నేనొక మెట్టు నొక్కాను. రెండు గొంతులు వినిపించాయి. అటు పియానో ఠంగుమంది, ఇటు హార్మోనియం మూలిగింది. పియానో తన అలవాటు కొద్దీ తానూ పలుకుతూనే ఉందన్నమాట. దానికి 'లోకల్ కంట్రోల్' అనే ఏర్పాటుంది. అది ఆపేస్తే పియానో నోరు మూసుకుని చిట్టా మాత్రం పంపిస్తుంది. ఆ మాట వినగానే మా అత్తగారు నా వంక చూసి, "కోడళ్ళకీ ఉంటే బాగుండు ఆ మీట" అన్నారు. రెండేళ్ళ తర్వాత ఆవిడ నోటివెంట వచ్చిన మొదటి వేళాకోళం అది. నాకు కోపం రాకపోగా లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాను.

ఆవిడ వాయించబోయారు. ఇంకో చిక్కు. మెట్టు ఇప్పుడు నొక్కితే స్వరం ఒక్క క్షణం ఆగి పలుకుతోంది. "నా చెయ్యే అనుకున్నాను, దీనిక్కూడా పక్షవాతం వచ్చిందేమే?" అన్నారు. ఆ మాటకి ఎవ్వరం నవ్వలేకపోయాం.

కంప్యూటరు ధ్వనిని చుక్కచుక్కగా పంపించదట. సెకనుకి 44,100 ముక్కలుగా తయారుచేసి, కొన్నింటిని ఒక వాయిగా కూడగట్టి పంపిస్తుంది. ఇడ్లీ వాయిలాగానే అనుకోండి. పెద్ద కుక్కరులో ముప్ఫై ఇడ్లీలు ఒక్కసారి పెడితే పొయ్యికి సుఖమేగానీ, ఆకలిగా కూర్చున్నవాడు కాచుకోవాలి. చిన్న పళ్ళెంలో నాలుగేసి పెడితే వేడివేడిగా వెంటనే పడతాయి. పొయ్యి దగ్గరున్నవాళ్ళకి మాత్రం తీరిక ఉండదు. 1,024 ముక్కల వాయి అంటే ఒక్కదానికే సుమారు 23 మిల్లీసెకన్లు. 128 ముక్కలదైతే 3. వాయి చిన్నది చేసి, విండోస్ కంప్యూటరులో ధ్వనికి దగ్గరి దారి చూపించే 'ఏసియో' అనే పనిముట్టు పెట్టింది మా అమ్మాయి. మరీ చిన్న వాయి పెడితే కంప్యూటరుకి ఊపిరాడక టపటపమంటుంది. కాస్త అటూ ఇటూ చూసుకుని సర్దుకోవాలి. తీగ లేకుండా బ్లూటూత్‌తో కలపడం కూడా ఉందిగానీ, అందులో ఆలస్యం ఇంకాస్త ఎక్కువ. వాయించే వేలికీ వినే చెవికీ మధ్యన తీగే నయం.

ఆ తర్వాత మా అత్తగారు మెట్టు నొక్కారు. 'స' నిలబడింది. వేలు తియ్యలేదు. అలాగే పట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఊపిరి ఊదక్కర్లేకుండా ఆ స్వరం గదంతా పరుచుకుంది. ఆవిడ మొహం నేను వర్ణించను. నవలలు రాసే దాన్ని కనక వర్ణించగలను, అందుకే వర్ణించను.

"ఈ శ్రుతి నాకు ఎక్కువైంది. నా గొంతు దిగిపోయిందిగా" అన్నారు కాసేపటికి. ఆవిడది ఐదో శ్రుతి. వేళ్ళకి అదే అలవాటు. కొత్త మెట్టు మీద 'స' పెట్టుకుంటే ఈ వయసులో వేళ్ళు తడబడతాయి. మా అమ్మాయి ప్రతి నంబరులోంచీ రెండు తీసెయ్యమని కంప్యూటరుకి చెప్పింది. వేళ్ళు ఐదో శ్రుతిలోనే నడుస్తున్నాయి, ధ్వని నాలుగో శ్రుతిలో వస్తోంది! మా అత్తగారు తెల్లబోయి, "మా నాన్నకి ఈ ముచ్చట తెలిసుంటే నాటకాల్లో గొంతు పోయిన కృష్ణుళ్ళని ఎంతమందిని కాపాడేవాడో" అన్నారు.

ఇంతవరకూ ఒక్క చేత్తోనే. ఎడమ చెయ్యి ఒళ్ళోనే ఉంది. ఆ చేతి సంగతి ఫిజియోథెరపీ అమ్మాయి ఎత్తింది. పియానో చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. పక్షవాతం వచ్చినవాళ్ళ చేతికి మిడి పియానోతోనూ, ఎలక్ట్రానిక్ డ్రమ్ములతోనూ అభ్యాసం చేయించి, మేలు కనబడిందని జర్మనీ పరిశోధకులు 2007లోనే ప్రకటించారట. ఏ వేలు ఎప్పుడు కదిలించినా వెంటనే ఒక స్వరం జవాబు చెబుతుంది కదా; బంతి అలా జవాబు చెప్పదు. అందరికీ ఒకటే మందు అని నేననడం లేదు. ఎవరి చెయ్యి సంగతి వాళ్ళ డాక్టరునడిగే చెయ్యాలి. మా డాక్టరుగారు సరేనన్నాక ఎడమ చెయ్యి చిటికెన వేలుని కింది 'స' మీద పెట్టించారు. శ్రుతి పట్టుకోవడం ఆ చేతి పని.

మొదటి రోజు మెట్టు దిగలేదు. బరువైన మెట్లు, దిగాలంటే యాభై గ్రాములో, ఇంకాస్తో బలం కావాలి. రెండో రోజు దిగింది. తెర మీద అంకె కనబడింది: 9. నూట ఇరవై ఏడుకి తొమ్మిది మార్కులు! హార్మోనియానికి వేలి బలంతో పని లేదు గనక, ఎంత మెల్లగా నొక్కినా ధ్వని నిండుగా వచ్చేట్టు మా అమ్మాయి ముందే ఏర్పాటు చేసింది. చిట్టాలో మాత్రం నిజమైన మార్కే పడుతుంది. అంటే వినేవాళ్ళకి బలహీనత వినపడదు; చూసేవాళ్ళకి కనపడుతుంది.

ఇక చూడండి, బంతిని పక్కింటికి పంపించిన మనిషి అంకెల వేటలో పడ్డారు. పొద్దున్న కాఫీ అవగానే కుర్చీ. "ఇవాళెంతే?" "పద్నాలుగు, బామ్మా." "నిన్న పదహారొచ్చిందిగా, రాత్రి నిద్ర లేదు, అందుకు." క్యాలెండరులో పాలవాడి లెక్క పక్కన ఎడమ చేతి లెక్క. పద్నాలుగు, పంతొమ్మిది, మళ్ళీ పదిహేడు, ఇరవై రెండు. మూడు నెలలకి ముప్ఫై దాటింది. ఆ చెయ్యి మునుపటి చెయ్యి కాలేదు, కాదు కూడా. తిత్తి ఊదే బలం ఇంకా రాలేదు. కానీ జాకెట్టు హుక్కు తనే పెట్టుకుంటున్నారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నన్ను పిలవడం మానేశారు, అంతే. రెండు రోజుల తర్వాత నాకు తోచింది.

ఒకరోజు ఆవిడ వాయించినదాన్ని మా అమ్మాయి కంప్యూటరులో దాచింది. తెర మీద చిన్నచిన్న గీతలుగా కనపడుతుంది, గోడ మీద ఇటుకల్లాగా. పై వరస కుడిచెయ్యి: చక్కగా, కొలిచినట్టు. కింది వరస ఎడమచెయ్యి: ఒకటి ముందు, ఒకటి వెనక, ఒకటి సగంలో తెగిపోయి. "క్వాంటైజ్ అని ఒక మీట ఉంది, నొక్కితే అన్నీ తాళంలోకి వచ్చేస్తాయి. అన్నయ్యకి అలా పంపిద్దాం" అంది అమ్మాయి. నొక్కి వినిపించింది కూడా. నిజమే, ఒక్క తప్పు లేదు. గోడ గడియారం వాయించినట్టుంది.

మా అత్తగారు మొత్తం విన్నారు. "బాగుంది. ఎవరే వాయించింది?" అన్నారు.

అమ్మాయి మాట్లాడకుండా మళ్ళీ మొదటిదే పెట్టింది. దాన్నే పంపించాం. అయిదు నిమిషాల పాట. నా ఫోనులో ఒక్క ఫొటో పట్టే చోటులో ఇలాంటివి ఎన్నో పడతాయి. ధ్వని లేదుగా, ఉత్త చిట్టాయే. అది అక్కడికి చేరాక మావాడు తన కంప్యూటరులో హార్మోనియం పెట్టుకుని వింటాడు. పియానో పెట్టుకుంటే పియానోలో వింటాడు. ఏది పెట్టుకున్నా నొక్కినవి మాత్రం ఆవిడ వేళ్ళే. ఇన్నేళ్ళుగా మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ గొంతులు దాచుకున్నాం, ఫొటోలు దాచుకున్నాం. వాళ్ళ చేతులు దాచుకునే సాధనం ఇదొకటి వచ్చిందని నాకనిపించింది. ఎక్కడ ఆగిందో, ఎక్కడ తొందర పడిందో, ఏ స్వరం మీద బరువు మోపిందో, అంతా అందులో ఉంది. మా అత్తగారి కూర పాళ్ళు కూడా ఇలా చిట్టాలో పడితే నా పని సుఖమయ్యేది. 'తగినంత ఉప్పు' అని రాయించారు నాచేత ముప్ఫై వంటకాలకి!

మర్నాటి రాత్రి మావాడు ఫోను చేశాడు. అమెరికా సంగతులేవీ చెప్పలేదు. "బామ్మా, ఎడమ చెయ్యి వినపడుతోంది" అన్నాడు.

"ఏం వినపడిందిరా, ఆ చివరి 'స' సరిగా పడందే" అన్నారు మా అత్తగారు దబాయింపుగా. ఫోను నా చేతికిచ్చేసి, కర్ర అందుకుని, ఆ రాత్రి పదిన్నరకి పియానో దగ్గరికి నడిచారు. మేం నిద్రపోవాలని చెవులకి హెడ్‌ఫోన్సు పెట్టుకున్నారు. గదిలో ఏమీ వినపడలేదు, మెట్లు దిగుతున్న టకటక తప్ప. ఒక చేతిది గట్టిగా, ఒక చేతిది మెల్లగా.